నాలుగేళ్ల వాడకంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు, దానికి తోడుగా స్పార్క్ ప్లగ్గు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న మా షెడ్డులో, రెండు సైడ్‌డ్రాఫ్ట్ కార్బ్యురేటర్లు బిగించిన పాత ఎస్టీమ్ డ్రాగ్ కారుకు (తిన్నని దారిలో పొట్టి పరుగు పందేలకు వాడేది) బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ సెన్సరుతో పనిచేసే మీటరును నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఇంజను పొగలోని ఆక్సిజన్‌ను బట్టి, గాలిలో పెట్రోలు ఏ పాళ్లలో కలుస్తోందో అది చెబుతుంది. పెట్టిన డబ్బుకు అది న్యాయమే చేసింది; అయినా మంట ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్లగ్గులు విప్పి వాటి రంగు చూసే అలవాటును నేను మానలేదు.

సెన్సరు నాలుగు సిలిండర్ల పొగ కలిసే చోట ఉంటుంది కనుక సగటును మాత్రమే చెబుతుంది. రెండో ఏడాది, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద 402 మీటర్ల పరుగు పొడవునా మీటరు 0.87 లాంబ్డా (గాలి, ఇంధనం సరిగ్గా సరిపోతే 1; తగ్గితే ఇంధనం ఎక్కువ, పెరిగితే తక్కువ), అంటే అచ్చమైన పెట్రోలు లెక్కలో ఒక వంతు పెట్రోలుకు బరువులో సుమారు 12.8 వంతుల గాలి దగ్గర నిలకడగా ఉంది. గీత దాటగానే క్లచ్చు నొక్కి, ఇంజను ఆపి (స్టీరింగ్ లాక్ పడకుండా దీనికి వేరే స్విచ్చు ఉండాలి), కారు ఆగాక ప్లగ్గులు విప్పితే, మూడోదాని పింగాణీ సున్నంలా తెల్లబడి, దానిమీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని చుక్కలు కనిపించాయి. ఆ సిలిండరు మెయిన్ జెట్టులో (కార్బ్యురేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రం) నలుసు ఇరుక్కుని, పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడింది. మిగిలిన మూడూ కాస్త రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువగా ఉండటం వల్ల సగటులో ఆ తేడా మునిగిపోయింది. మీటరునే నమ్ముకుని ఇంకో పరుగు తీసి ఉంటే పిస్టన్ కరిగిపోయేదేమో.

ప్లగ్గు చెప్పలేనిది కూడా ఉంది. అది పరుగంతటినీ కలిపి ఒకే రంగులో చూపిస్తుందే తప్ప, ఏ క్షణాన ఏం జరిగిందో చెప్పదు. మూడో గేరు చివర లాంబ్డా 0.95కు ఎగబాకుతోందని రికార్డులో చూశాకే, కార్బ్యురేటరులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌలుకు పెట్రోలు చాలడం లేదని గ్రహించి పెద్ద పైపు వేశాను. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినప్పుడు, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందున పాత జెట్లతో మిశ్రమం పలచబడిన సంగతిని కూడా మీటరు మొదటి రోజే పట్టించింది. లాంబ్డా అంకెలు చూసుకుంటే ఇంధనం మారినా లెక్క మారదు.

సెన్సరు సున్నితమైనది. హీటరుకు కరెంటు లేకుండా ఇంజను నడిపితే దానిమీద మసి పట్టి పాడవుతుంది. నా మొదటి సెన్సరు ఎనిమిది నెలలకే అలా పోయింది. సెన్సరుకు ముందున్న పొగగొట్టం జాయింటులో సన్నని లీకు ఉన్నా బయటి గాలి చొరబడి లీన్ (మిశ్రమం పలచన) అని చూపిస్తుంది. మిస్‌ఫైర్ అయినా, అంటే సిలిండరులో మిశ్రమం అంటుకోకపోయినా అంతే, మండని ఆక్సిజన్‌ను చూసి లీన్ అంటుంది. అప్పుడు జెట్టు పెంచకుండా ముందుగా ప్లగ్గు విప్పి చూడాలి.