16 ట్యూబుల అయస్కాంత స్టాండ్: లాగుడు బాగుంది, అడుగున చిక్కుంది

తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం మొదలు ఐసర్ (విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ) దాకా డీఎన్ఏ పని జరిగే ల్యాబులు చాలానే ఉన్నాయి. డీఎన్ఏను వడపోతతో పట్టే స్పిన్ కాలమ్‌లు వదిలి, డీఎన్ఏను తమకు అంటించుకునే సన్నని అయస్కాంత బీడ్స్‌కు (పూసలకు) మారాలనుకునేవాళ్లు ముందు ఆ బీడ్స్‌ను ట్యూబ్ గోడకు లాగిపట్టే స్టాండ్ చూసుకోవాలి. 1.5 మిల్లీలీటర్ల ట్యూబులు పట్టే ఈ అక్రిలిక్ స్టాండ్‌కు అయిదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

పెట్టె మీద ఎన్52 నియోడిమియం (బలమైన అయస్కాంత రకం) అని ఉంటుంది. ఆ అంకె చూసి మురిసిపోవద్దు. అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉన్నా అంతటా ఒకేలా ఉంటే బీడ్ కదలదు. చోటు మారేకొద్దీ క్షేత్రం ఎంత చురుగ్గా మారితే బీడ్ అంత గట్టిగా లాగబడుతుంది. అందుకే ట్యూబ్‌కూ అయస్కాంతానికీ మధ్య ఒక్క మిల్లీమీటర్ సందు పెరిగినా తేడా కనిపిస్తుంది. ఇందులో రంధ్రాలు బిగువుగా తొలిచారు, ట్యూబ్ గోడ అయస్కాంతాన్ని ఆనుకునే ఉంటుంది. 500 మైక్రోలీటర్ల ద్రావణం రెండు మూడు నిమిషాల్లో తేటపడుతుంది. తేటపడకుండా బీడ్స్ తీగలు సాగుతుంటే తప్పు స్టాండ్‌ది కాదు. పుంగనూరు ఆవు రక్తమైనా మనిషి రక్తమైనా, 56 డిగ్రీల దగ్గర ప్రొటీన్లను కోసే ఎంజైమ్ ప్రొటినేజ్ కె పని పూర్తికాకపోతే లైసేట్ (కణాలు పగిలిన ద్రావణం) జిగురుగానే మిగులుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉన్న ట్యూబులోనే తీయించండి, అదే పని చేసే హెపారిన్ మాత్రం పీసీఆర్‌ను (డీఎన్ఏ నకళ్లు పెంచే పద్ధతిని) అడ్డుకుంటుంది.

అసలు చిక్కు చివరి మెట్టులో ఉంది. అయస్కాంతాలను ట్యూబ్ నడుము ఎత్తులో బిగించారు. కడిగేటప్పుడు బాగానే ఉంటుంది. ఎల్యూషన్‌కు, అంటే బీడ్స్ నుంచి డీఎన్ఏను విడిపించడానికి, 30 మైక్రోలీటర్ల బఫర్ ద్రావణం పోస్తే అది ట్యూబ్ మొనలో, అయస్కాంతానికి కిందుగా నిలుస్తుంది. బీడ్స్ గోడకు చేరవు, పిపెట్‌తో పాటే పైకొస్తాయి. రంధ్రం అడుగున చిన్న ప్లాస్టిక్ ముక్క వేసి ట్యూబ్‌ను ఎత్తితే సర్దుకుంటుంది, లేదా 100 మైక్రోలీటర్లతో ఎల్యూట్ చేయాలి. డబ్బు పెట్టి కొన్న వస్తువుకు ఈ అతుకుల అవసరం రాకూడదు.

బీడ్స్ కలిసి వచ్చాయేమో, కరెంటుతో డీఎన్ఏను నడిపించే జెల్‌లో తెలుస్తుంది. 1 శాతం అగరోజ్ జెల్, సెంటీమీటరుకు 5 వోల్టులు పెడితే రుణావేశమున్న డీఎన్ఏ ఎర్ర (ధన) తీగ వైపు నడుస్తుంది, బీడ్స్ మాత్రం గోధుమ రంగు మరకలా నమూనా పోసిన బావిలోనే (జెల్‌లోని గుంటలోనే) ఉండిపోతాయి. మరక కనిపిస్తే మిగిలిన నమూనాను మళ్లీ అయస్కాంతం దగ్గర పెట్టి పైతేట మాత్రం తీసుకోండి. లేకుంటే కాంతితో డీఎన్ఏను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగ్ కూడా తప్పుతుంది.

కడగడానికి 80 శాతం ఈథనాల్‌ను ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మూత సరిగా లేని సీసాలో ఈథనాల్ ఆవిరై నీటి పాలు పెరుగుతుంది, ఆ నీరు బీడ్స్ మీది డీఎన్ఏను కడిగేస్తుంది. రెండుసార్లు కడిగాక చివరి చుక్కను సన్న టిప్‌తో తీసేసి ఆరనివ్వండి. మే నెల తిరుపతి ఎండలో ఫ్యాన్ కింద పెడితే చూస్తుండగానే పెల్లెట్ (బీడ్స్ ముద్ద) బీటలు వారుతుంది, అప్పుడు డీఎన్ఏ సరిగా విడిపోదు. పెల్లెట్ మీది తడి మెరుపు పోగానే బఫర్ పోసేయాలి. తడిగా ఉండగా పోస్తే ఈథనాల్ మిగిలి పీసీఆర్ దెబ్బతింటుంది.

అక్రిలిక్‌ను ఆల్కహాల్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి, సబ్బునీళ్లు చాలు. ఆటోక్లేవ్‌లో అసలు పెట్టొద్దు, 80 డిగ్రీలు దాటితే ఈ రకం అయస్కాంతం బలం కోల్పోతుంది. తక్కువ పరిమాణంలో ఎల్యూట్ చేసేవాళ్లు మాత్రం అయస్కాంతం కింది అంచు ట్యూబ్ మొనకు ఎన్ని మిల్లీమీటర్ల పైన ఉందో అమ్మేవాళ్లను అడిగాకే డబ్బు కట్టండి.