సిద్ధాంత గ్రంథాన్ని అచ్చు వేయించుకున్నాను: ఒక ప్రచురణ సేవపై సమీక్ష

అధ్యాపకుల పరిశోధనలను పుస్తకాలుగా వేసిపెట్టే ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థకు నిరుడు నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాన్ని అప్పగించాను. ఇదే పద్ధతిలో నడిచే సంస్థలు చాలా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. అక్కడికి వెళ్లబోయే సహోద్యోగులకు పని జరిగిన తీరు తెలిస్తే చాలు.

వారి కరపత్రంలో మొదటి వాక్యమే అధ్యాపకుల పదోన్నతికి పనికొచ్చే పాయింట్ల లెక్క. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10 పాయింట్లు, సంకలనంలో ఒక అధ్యాయానికి 5. నేనూ పదోన్నతి దరఖాస్తు కోసమే వెళ్లాను, దాచడమెందుకు. 50 ప్రతులకు 22,000 రూపాయలు తీసుకున్నారు. కాగితానికి, కుట్టుకు, ముఖచిత్రానికి వంక పెట్టలేము. చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే కట్టలు మా విభాగానికి చేరాయి.

చిక్కంతా లోపలి పుటల్లో ఉంది. నా పరిశోధన రాయలసీమ రైతుల వ్యవసాయ పదజాలం మీద జరిగింది. అందులో మాట ఏ రూపంలో ఉందన్నదే అసలు విషయం. నేను యూనికోడ్‌లో పంపిన ప్రతిని వారు పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో తమ ఫాంటులోకి మార్చుకున్నప్పుడు చాలాచోట్ల వత్తులు ఎగిరిపోయాయి. విత్తనం వేసే గొర్రు 44వ పేజీలో ‘గొరు’ అయింది, ఎద్దుల పగ్గం ‘పగం’ అయింది. మరో పుస్తకంలోనైతే పాఠకుడు అచ్చుతప్పని గుర్తించి సరిచేసుకుని చదువుకుంటాడు. మాండలిక పదాల పుస్తకంలో మాత్రం అదీ ఒక ఊరి ఉచ్చారణేనని నమ్మి, రేపు తన పరిశోధనలో ఉదాహరించినా ఆశ్చర్యం లేదు. ప్రూఫులు మూడు రోజుల గడువుతో ఒకే ఒక్కసారి పంపారు. రాత్రులు కూర్చుని నేను గుర్తు పెట్టిన తప్పుల్లో సగానికి సగం అచ్చులో అలాగే మిగిలాయి.

పదసూచి సంగతి మరీ విడ్డూరం. ఏ4 కాగితం మీద 340 పేజీలున్న గ్రంథం అంతకన్నా చిన్నదైన డెమ్మీ సైజులో, చిన్న అక్షరాలతో, అనుబంధాలు తీసేశాక 212 పేజీలకు కుదించుకుపోయింది. సూచిలోని అంకెలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ‘మేడి’ (నాగలి పిడి) కోసం వెతికితే 287వ పేజీ చూడమంటుంది.

పుస్తకం నిపుణుల పరిశీలన పొందిందని లోపలి అట్ట మీద ముద్రించారు. రాతప్రతి పంపింది సోమవారం సాయంత్రం, పరిశీలన ధ్రువపత్రం వచ్చింది బుధవారం ఉదయం. పరిశీలకుడి వ్యాఖ్యలు పంపమని రెండుసార్లు అడిగినా బదులు లేదు. ఒక్క ప్రశ్న వేసిన పరిశీలకుడు ఉండి ఉంటే నా మూడో అధ్యాయం ఇంకాస్త బాగుపడేది.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యకు) విడిగా 1,500 రూపాయలు వేశారు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ సంఖ్యను ఉచితంగా ఇస్తుంది, రచయిత స్వయంగానూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి నాకు డబ్బు కట్టాకే తెలిసింది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ప్రతిని పంపాలి. పంపిన రసీదు చూపించమంటే మాట దాటవేశారు, చివరికి రిజిస్టర్డ్ పోస్టులో నేనే పంపుకున్నాను.

గట్టిగా నిలదీశాక తప్పొప్పుల పట్టిక అచ్చు వేసి ఇచ్చారు, అదీ ఉచితంగానే. అప్పటికే 12 ప్రతులు చేతులు మారాయి. మిగిలిన 38 ప్రతుల్లో ఆ చీటీని జిగురుతో నేనే అంటించాను. అక్షర పరిష్కరణ, పదసూచి బయట చేయించుకుని, అచ్చుకు సిద్ధమైన పీడీఎఫ్ చేత పట్టుకుని వెళ్లగలిగితే ముద్రణ వరకు ఈ సంస్థను నమ్మవచ్చు. రాతప్రతిని వారి చేతుల్లో పెట్టి నిశ్చింతగా ఉండదలచినవారు మాత్రం వెళ్లవద్దు.