సాహిత్య ఉద్యమాల గడి: కూర్పు బాగుంది, టైపింగ్ సరిచేయాలి

ఈ యాప్‌లో రోజూ వచ్చే పదాల గడి (క్రాస్‌వర్డ్) నాకు ఎప్పటినుంచో అలవాటే. అయినా సాహిత్య ఉద్యమాల మీద ఇప్పుడు వేస్తున్న వరస గురించి ప్రత్యేకంగా రాయాలనిపించింది. ఇలాంటి థీమ్ అనగానే ఏ సంఘం ఏ ఏడాది పుట్టింది, ఎవరి అసలు పేరేమిటి అని పోటీ పరీక్షల బిట్ పేపర్‌లా తయారవుతుందేమోనని భయం ఉంటుంది కదా, చాలావరకు అలా కాలేదు. కూర్పరి ఎవరో గానీ సాహిత్యమూ తెలుసు, గళ్లు కూర్చడమూ తెలుసు.

అన్నిటికంటే బాగా కుదిరింది దిగంబర కవుల రోజు, అంటే 1960ల్లో తిరుగుబాటు కవిత్వం రాసిన ఆరుగురి బృందానికి ఇచ్చిన రోజు. ఆరుగురూ కలం పేర్లు పెట్టుకున్నవాళ్లే, ఆ పేర్లేమో ఆధారాలు (క్లూలు) రాసేవాళ్ల కోసమే పుట్టినట్టుంటాయి. 'బట్టల్లేని ఋషి (4)' అంటే నగ్నముని, బ్రాకెట్లో ఉన్నది అక్షరాల లెక్క. 'పెద్ద కలే కన్నాడు (4)' అంటే మహాస్వప్న. 'మొహం నిండా మంటలే (4)' అంటే జ్వాలాముఖి. దిగంబర కవిత్వం ఒక్క లైను కూడా చదవనివాళ్లు సైతం ఆధారం పట్టుకుని ఆ పేరు దగ్గరికి చేరుకోగలరు, నింపాక ఈయనెవరబ్బా అని వెతికి చదువుతారు కూడా. మా ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల అదే చేసింది. అడ్డంలో నగ్నముని చివరి 'ని' దగ్గరే నిలువులో నిఖిలేశ్వర్ మొదలవుతాడు, భైరవయ్యలోని 'ర'నీ చెరబండరాజులోని 'ర'నీ ఒకే గడిలో కలిపారు. ఆ మూల ఇంకో ఆరు గళ్ల జవాబుంది: 'అర్ధరాత్రి కవిత్వాన్ని ఆవిష్కరించాడు, పగలు బండి లాగాడు'. రిక్షా కార్మికుడు! 1965లో దిగంబర కవుల మొదటి సంపుటిని హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు కదా, ఆ సంగతిని ఇంత చిన్న ఆధారంలో ఇమడ్చడం చూసి నిజంగా ముచ్చటేసింది.

ఇంకో రోజు అరసం (అభ్యుదయ రచయితల సంఘం), విరసం (విప్లవ రచయితల సంఘం) రెండూ ఒకే క్రాస్‌వర్డ్‌లో పెట్టారు. రెండూ మూడేసి గళ్లు, రెండింటికీ చివర 'రసం', తేడా అంతా మొదటి గడిలోనే. ఒకదానికి '1943లో తెనాలిలో కలిసిన రచయితలు' అనీ, రెండోదానికి 'శ్రీశ్రీ షష్టిపూర్తి ఏడాదిలో పుట్టింది' అనీ ఇచ్చారు. ఆ ఏడాది 1970 అని గుర్తుంటే వెంటనే తేలిపోతుంది. గుర్తులేకపోయినా ఆ మొదటి గడి మీదుగా వెళ్లే నిలువు మాట చాలా తేలికైనది ఇచ్చారు కాబట్టి ఎవరూ ఇరుక్కోరు. న్యాయంగా కూర్చడం అంటే నా లెక్కలో ఇదే, తేడా తేలే చోట కష్టమైన మాటని అడ్డం పెట్టకపోవడం. అదే రోజు మూలన 'తిరగబడు కవి (2)' అని ఒకటుంది. 'తిరగబడు' కవులని పేరుపడ్డ వరంగల్ కవులందరినీ గుర్తు చేసుకుని ఎవరికి రెండక్షరాల పేరుందా అని చాలాసేపు ఆలోచించాను. గళ్లు నింపే అలవాటున్నవాళ్లకి తెలుసుగా, తిరగబడితే వెనకనుంచి రాయాలి. జవాబు 'విక'. శ్రీశ్రీ, ఆరుద్ర స్వయంగా కూర్చుని గళ్లు కట్టిన భాషలో ఇలాంటి ఆధారం చూస్తే భలే సంతోషంగా ఉంటుంది.

అన్ని రోజులూ ఇలా లేవు. స్త్రీవాదం, దళితవాదం, మైనారిటీవాదం వచ్చిన రోజు చప్పగా సాగింది, ఎందుకంటే చివర 'వాదం' అని ముందే రాసేసుకోవచ్చు, ఇక మిగిలేది ఒకటి నుంచి నాలుగు గళ్లే. ఆ రోజు ఉద్యమాల పేర్ల బదులు వాటిలో రాసినవాళ్ల పేర్లు పెట్టాల్సింది. 'బద్దం భాస్కరరెడ్డి కలం పేరు' లాంటి ఆధారాలు కూడా నాకు నచ్చవు. తెలిస్తే చెరబండరాజు అని రాస్తాం, తెలియకపోతే ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా రాదు. బట్టల్లేని ఋషిని రాసిన చేత్తోనే ఇదెలా రాశారో!

ఇక యాప్ సంగతి. ఫోన్‌లో 'స్త్రీ' కొట్టాలంటే స, త, ర, మధ్యలో రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం, ఇన్నీ ఒకే గడిలో పడాలి. ఈ యాప్‌లో 'స' కొట్టగానే కర్సర్ పక్క గడిలోకి దూకేస్తుంది. వెనక్కి రావడం, మళ్లీ కొట్టడం, మళ్లీ దూకడం. తెలుగు గడిలో ఒక గడికి ఒక అక్షరం అంటే ఒత్తులతో, గుణింతంతో కలిపి పూర్తి అక్షరం అని యాప్ చేసినవాళ్లకి ఎవరైనా చెప్పాలి. పొల్లు లెక్కలో కూడా నిలకడ లేదు. నిఖిలేశ్వర్‌లో చివరి 'ర్'కి విడిగా ఒక గడి ఇచ్చారు, మరుసటి రోజు హైదరాబాద్‌లో 'బాద్' మొత్తం ఒకే గడిలో పెట్టారు. ఏదో ఒక పద్ధతి పెట్టుకుని అదే పాటిస్తే చాలు. సున్నాతో ముగిసే మాటని 'ము' పెట్టి రాస్తే తప్పు చూపిస్తోంది, ఆ మాత్రం సర్దుబాటు ఉండాలి.

డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు గడి పూర్తయ్యాకే వస్తాయి, కొత్తవాళ్లు దిగంబర కవుల రోజుతో మొదలుపెట్టండి. నేను అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ టైపింగ్ కోసమే, కూర్పరికి దానితో సంబంధం లేదు. కూర్పరిగారికి ఒక్క విన్నపం: దిగంబర కవులకి ఒక రోజంతా ఇచ్చారు, వాళ్లతో విభేదించి వరంగల్ నుంచి రాసిన చేతనావర్తం కవులకి ఒక్క ఆధారం కూడా రాలేదు. చే, త, నా, వ, ర్తం, సరిగ్గా అయిదు గళ్లు, వచ్చే వారం ఎక్కడో ఒకచోట పెట్టండి.