క్రిస్మస్ భోజనం: దమ్ బిర్యానీయా, రోస్ట్ చికెనా?

నలుగురున్న ఇంటికి క్రిస్మస్ మధ్యాహ్నం ఈ రెండిట్లో ఒకటి చాలు. హైదరాబాద్‌లో బిర్యానీ సరుకుల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. 24 రాత్రి ఆరాధనకు వెళ్లేముందే కిలో చికెన్‌కి పెరుగు, మసాలాలు, వేయించిన ఉల్లిపాయలు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు ముప్పావు కిలో బాస్మతిని ముప్పాతిక వంతు ఉడికించి, దమ్ వేయడమే మిగులుతుంది. పక్కన రైతా, మిర్చీ కా సాలన్. చుట్టాలు ఇద్దరు ఎక్కువొచ్చినా టెన్షన్ ఉండదు.

రోస్ట్‌కి స్కిన్‌తో ఉన్న కోడి కావాలి. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా స్కిన్ తీసే ఇస్తారు, ముందే చెప్పండి. కిలోంపావు కోడికి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర సుమారు గంటంపావు పడుతుంది. శ్రమ తక్కువే, కానీ సర్దుబాటుకు వీలుండదు.

చిన్నపిల్లలుంటే కారం లేని రోస్ట్ మంచిది. లేదంటే నా ఓటు బిర్యానీకే.