జాగ్రత్త: డబ్బా మీద 300 వాట్లు, ప్లగ్ దగ్గర 86. రీఫ్ ట్యాంక్ లైట్ కొనేముందు చదవండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకున్నవాళ్లు, పెట్టాలనుకుంటున్నవాళ్లు ఇది జర పూర్తిగా చదవండి. "ఫుల్ స్పెక్ట్రమ్ కోరల్ లైట్, 300 వాట్లు, 3 అడుగుల ట్యాంక్‌కి చాలు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నల్లపెట్టె లాంటి ఎల్‌ఈడీ లైట్ ఒకటి ఫిబ్రవరిలో 11,500 రూపాయలు పెట్టి కొన్నాను. పైసలు పోయాయన్న బాధ ఉంది. కానీ ఆ లైట్ లోపల చూసింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటోంది.

నాది 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంక్. సుమారు 125 లీటర్లు. మనకు సముద్రం ఎంత దూరమో తెలిసిందే కదా. ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలుపుకొని, ట్యాంక్ కుదురుకునేదాకా రెండు నెలలు ఆగి, హైదరాబాద్ నుంచి మూడు గంటల బస్సు ప్రయాణంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న కోరల్స్ ఇవి. ఒక లెదర్ కోరల్, నాలుగు రకాల జోయాలు (చిన్న పూలలా గుంపుగా పెరిగేవి), రెండు మష్రూమ్ కోరల్స్. అన్నీ మేం సాఫ్ట్ కోరల్స్ అనే, రాతి గూడు కట్టని మెత్తటి రకాలే.

మొదటి పది రోజులు ట్యాంక్ చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. నీలం లైట్ కింద జోయాలు ఆకుపచ్చగా, నారింజ రంగులో మెరిసిపోయాయి. మోసం దాగింది అక్కడే. కోరల్ ఒంట్లో ఉండే కొన్ని ప్రోటీన్లు నీలం కాంతి పడగానే అలా మెరుస్తాయి. కాంతి కొంచెమే ఉన్నా మెరుస్తాయి. ఆ మెరుపు చూసి కోరల్‌కి కడుపు నిండుతోందని అనుకోకూడదు. దాని తిండిలో ఎక్కువ భాగం తయారు చేసేది దాని కణజాలంలో కాపురముండే సూక్ష్మమైన నాచు. ఆ నాచుకి చాలినంత కాంతి అందాలి.

మూడో వారంలో మూలన ఉన్న జోయాల కాడలు సాగడం మొదలైంది. వెలుతురు కోసం మెడ చాచినట్టు ఒక్కొక్కటి పైకి లేచాయి. ఐదో వారానికి నడిమి రాయి మీదున్న లెదర్ కోరల్ పాలిపోయింది, తన మీదుండే సన్నటి వేళ్లలాంటి పాలిప్‌లను బయటికి చాచడం మానేసింది. ఒకే లైట్ కింద ఒకటి వెలుతురు చాలక, ఇంకొకటి వెలుతురు ఎక్కువై చెడిపోయాయన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. నీళ్లు మార్చాను, ఉప్పు సాంద్రత చూశాను, 1.025 దగ్గరే ఉంది. వేడి 26 డిగ్రీలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అమ్మినవాళ్లు వాపసుకి ఇచ్చిన గడువు 10 రోజులు. కోరల్ తన బాధ చెప్పుకోవడానికి వారాలు పడుతుంది. కోరల్ చెప్పేదాకా ఆగితే మన చేతిలో ఏమీ మిగలదు. అందుకే డబ్బా విప్పిన రోజే కొలవాలి.

నేను ఆలస్యంగా కొలిచాను. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది, వెయ్యి రూపాయల లోపే. లైట్ ఫుల్‌లో పెట్టి చూస్తే 86 వాట్లు. ఇలాంటి పెట్టెల్లో 3 వాట్ల బల్బులు ఎన్ని ఉంటే అన్ని మూళ్లు లెక్కగట్టి డబ్బా మీద వేస్తారు. నడిచేది మాత్రం అంతకంటే చాలా తక్కువ కరెంటు మీద.

తర్వాత కాజీపేటలోని తమ ఇంటికి వచ్చిన హైదరాబాద్ మిత్రుడు తన పార్ మీటర్ పట్టుకొచ్చాడు. నాచు, మొక్కలు వాడుకోగల కాంతిని, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని కొలిచే మీటర్ అది, ఆ కొలతనే పార్ అంటారు. నడిమి రాయి మీద 240 చూపించింది. అదే నీళ్లలో మూలకు జరిపితే 18. జోయాల్లాంటి సాఫ్ట్ కోరల్స్‌కి 50 నుంచి 150 దాకా ఉంటే హాయిగా పెరుగుతాయి. ఇరుకు లెన్సులు పెట్టి కాంతినంతా ఒక్కచోటే కుమ్మరించారు. పైగా మొదటి రోజు నుంచే ఫుల్‌లో పెట్టమని అమ్మినాయన ఫోన్‌లో చెప్పాడు. అది తప్పు. కొత్త లైట్‌ని 30 శాతం దగ్గర మొదలుపెట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ యాప్‌లను నమ్మకండి, అవి మనిషి కంటి లెక్కన కొలుస్తాయి, నీలం కాంతిని సరిగ్గా పట్టుకోవు.

ఇక అసలు భయం. ఏప్రిల్‌లో ఒకరోజు మా నాన్న చేపలకు మేత వేసి, తడిచేత్తో లైట్ అంచు పట్టుకున్నాడు. చెయ్యి జివ్వుమని వెనక్కి లాగేశాడు. నేను టెస్టర్ పెడితే లైట్ బాడీ మీద వెలిగింది. వెంటనే ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాను. ప్లగ్‌లోని పెద్ద పిన్నుకీ (ఎర్త్ పిన్ను) లైట్ అల్యూమినియం బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టాడు. చప్పుడు లేదు, అంటే రెండూ కలవలేదు. నాలుగు స్క్రూలు విప్పాడు. మూడు వైర్లలో ఎర్త్‌ది, పచ్చ వైర్, లోపలికి వచ్చింది, రెండంగుళాల దగ్గర కత్తిరించి, మడిచి, నల్ల టేప్ చుట్టి పక్కకు తోసేశారు. బాడీకి కలపనే లేదు. పక్కనే డ్రైవర్ (ఎల్‌ఈడీలకు కరెంటు అందించే భాగం) మీద సన్నగా తెల్లటి ఉప్పు పొర. ఫ్యాన్ లోపలికి లాగిన ఉప్పుతేమ అది.

"అన్నా, ఇది నీళ్ల మీద వేలాడదీసే సామాను కాదు" అన్నాడాయన. ఆ రోజే దింపేశాం.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, విప్పి చూశారు కాబట్టి వారంటీ పోయిందన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు. బిల్లు, డబ్బా, డబ్బా విప్పుతుంటే తీసిన వీడియో ఉంటే బలం. నా దగ్గర వీడియో లేదు, మీరు తప్పక తీసుకోండి.

కొనేముందు అమ్మేవాళ్లను వాట్లు, ల్యూమెన్లు (మనిషి కంటికి కనిపించే వెలుతురు లెక్క) అడిగితే లాభం లేదు. మీ ట్యాంక్ కొలతలకి, మీరు వేలాడదీసే ఎత్తులో, నడుమ ఎంత పార్, మూలల్లో ఎంత పార్ అని అడగండి. చూపించలేకపోతే వదిలేయండి. వచ్చిన రోజే వాట్ మీటర్ పెట్టండి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. పది నిమిషాల పని. ట్యాంక్ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. వైర్ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి పోయేలా ఉంటే, వైర్ వెంట జారిన నీటి చుక్క సాకెట్ దాకా పోదు.

ఇంకొక్క మాట. "ఈ లైట్‌తో గట్టి పగడాలు కూడా పెరుగుతాయి, కావాలంటే మేమే పంపిస్తాం" అని కూడా అన్నాడు ఆ అమ్మినాయన. ఆ గట్టి పగడాలు, అంటే రాతిపగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఆ జోలికి పోకండి.

ప్రస్తుతం అరువు తెచ్చుకున్న లైట్ కింద జోయాలు కుదురుకుంటున్నాయి. లెదర్ కోరల్ మొన్న ఒక పక్కన నాలుగైదు వేళ్లు బయటపెట్టింది. వాట్ మీటర్ నా దగ్గరే ఉంది. హనుమకొండ చుట్టుపక్కల ఎవరైనా కొత్త లైట్ కొంటే, వాపసు గడువు దాటకముందే మెసేజ్ పెట్టండి. వచ్చి తీసుకెళ్లండి.