క్రషర్ బెల్టుకు కోల్డ్ జాయింట్: కొన్నేళ్లు వాడాక నా మాట

చిత్తూరు దగ్గర, గుడిపాల వైపు ఉన్న మా కంకర క్రషర్‌లో కంకర మోసే బెల్టులన్నీ ఇప్పుడు కోల్డ్ జాయింట్ (వేడి పెట్టకుండా సొల్యూషన్ పూసి రెండు కొసలూ అతికించడం) మీదే తిరుగుతున్నాయి. అంతకుముందు ప్లేట్ ఫాస్టెనర్లు (కొసలకు రంధ్రాలు వేసి బిగించే ఇనుప ప్లేట్లు) వాడాం, ఒక బెల్టుకు హాట్ జాయింట్ కూడా చేయించాం. మాలాంటి మామూలు ప్లాంటుకి కోల్డ్ జాయింటే సరి. కాకపోతే జాయింట్ ఎంత బాగా వేసినా బెల్టు టైట్ చేయడం రాకపోతే నిలబడదు. "జాయింట్ లేచిపోయింది" అనే గొడవలు చాలావరకు టేకప్ (బెల్టు బిగించే స్క్రూలు) దగ్గర మొదలైనవే.

ఫాస్టెనర్ గంటలో బిగించి బెల్టు తిప్పేయొచ్చు. ఆ తర్వాతే అసలు బాధ. రంధ్రాల్లోంచి డస్ట్ కారుతుంది, బెల్టుని గీకే స్క్రేపర్ బ్లేడు ప్రతి చుట్టుకీ ప్లేటుకి తగిలి టక్కుమంటుంది, కంకర పక్కకి జారకుండా కట్టే స్కర్ట్ రబ్బరు చిరుగుతుంది. లోడ్ మధ్యలో బెల్టు తెగితే ఆ రోజు గట్టెక్కడానికి స్టోర్‌లో ఒక సెట్ ఉంచుకుంటే చాలు. హాట్ జాయింట్ అన్నిటికన్నా గట్టిది. 145 డిగ్రీల దగ్గర ప్రెస్‌లో ఉడికిన రబ్బరు ఒకే ముక్క అయిపోతుంది. కానీ ఆ మిషన్ బయటి నుంచి తెప్పించుకోవాలి. పొడుగాటి బెల్టు, అది ఆగితే ప్లాంటంతా ఆగే చోటు అయితే ఆ ఖర్చు దండగ కాదు.

మా బెల్టులు 800 ఎంఎం వెడల్పు, మూడు ప్లైలు (లోపలి గుడ్డ పొరలు), ఎం24 గ్రేడు (పై రబ్బరు నాణ్యత). మూడు ప్లైలకు రెండు మెట్లు కోస్తాం, ఒక కొస మెట్లు రెండో కొస మెట్ల మీద కూర్చునేలా. మెట్టు దగ్గర ఒక ప్లై తెగే ఉంటుంది కాబట్టి, ఎంత బాగా అతికినా అక్కడ బలం మూడింట రెండు వంతులే. నాలుగు ప్లైలైతే ముప్పావు వంతు. బెల్టు కొనేటప్పుడే వేసుకోవాల్సిన లెక్క ఇది, చాలామంది వేయరు. కోత 22 డిగ్రీల ఏటవాలుగా ఉండాలి, అంటే మా వెడల్పుకి ఒక అంచు రెండోదానికన్నా దాదాపు 320 ఎంఎం ముందుకు. అప్పుడు జాయింట్ మొత్తం ఒక్కసారే డ్రమ్ము మీదికి ఎక్కదు.

ఫిట్టర్ పనితనం కత్తి పట్టుకున్నప్పుడే తెలిసిపోతుంది. పై ప్లై కోసేటప్పుడు కింది ప్లైలో ఒక్క దారం కూడా తెగకూడదు. మా ఫిట్టరన్న కాస్త లోతు తక్కువగానే గీసి, అంచుని పట్టకారుతో పట్టి చర్రున లాగుతాడు. ఆ తర్వాత బఫింగ్. గుడ్డ మీద మిగిలిన పల్చని రబ్బరు గరుకు కావాలే గానీ పీచు లేవకూడదు. "ఇంకొంచెం రుద్దేదా అనా?" అని హెల్పర్ అడిగితే, "వద్దబ్బా, నూలు లేస్తాది" అని మిషన్ లాగేసుకుంటాడు.

సొల్యూషన్‌లో హార్డ్‌నర్ కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. మొదటి కోటు పూర్తిగా ఆరాలి. రెండో కోటుకి వేలి వెనకవైపు ఆనిస్తే జిగటగా తగలాలి, తీగ సాగకూడదు. వేలి ముందువైపు ఆనిస్తే చెమట, గ్రీజు అంటుకుంటాయి. మే నెల ఎండకి కాలిన బెల్టు మీద పూస్తుండగానే ఆరిపోతుంది, అందుకే తెల్లారుజామునే టార్పాలిన్ కట్టుకుని మొదలుపెడతాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మరీ కష్టం. రబ్బరు మీద తేమ కంటికి కనపడదు, అతుకు మాత్రం పట్టదు. రెండు కొసలూ కలిపాక చేతి రోలర్‌తో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్ది గాలి తోసేయాలి. రాత్రంతా కదపం. ఓనరు గొణుగుతాడు, గొణగనీ.

ఇక బిగింపు. ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. కొసలు కలపకముందే టెయిల్ డ్రమ్ముని (వెనక కొస డ్రమ్ము) హెడ్ (ముందు కొస) వైపు జరిపి, క్లాంపులకి అటొకటి ఇటొకటి చైన్ బ్లాక్ పెట్టి సమంగా లాగాలి. కొత్త బెల్టు లోడ్ పడ్డాక సాగుతుంది, స్క్రూలో ఎక్కువ భాగం దానికే మిగలాలి. లోడ్‌తో స్టార్ట్ చేసినప్పుడు హెడ్ డ్రమ్ము మీద జారకపోతే, మీటరు దూరంలో ఉన్న రోలర్ల మధ్య 20 ఎంఎం మించి వేలాడకపోతే ఆ టైట్ చాలు. జారినప్పుడల్లా స్పానర్ తీసే వాళ్లున్నారు. ముందు డ్రమ్ము లాగింగ్ (పైన వేసిన రబ్బరు తొడుగు) అరిగిందేమో, తడిసిందేమో చూడాలి. అది చూడకుండా బిగిస్తూ పోతే బేరింగ్ పోతుంది, దాని వెనకే జాయింటూ.

బెల్టు పక్కకి పోతోందని ఒకవైపు స్క్రూ తిప్పడం ఇంకో పాడు అలవాటు. రెండువైపులా షాఫ్ట్ నుంచి ఫ్రేము దాకా టేపు పెట్టి కొలిచి సమానంగా ఉంచండి, మరలు లెక్కపెడితే సరిపోదు. బెల్టులో ఒకే ముక్క ఎక్కడికెళ్లినా పక్కకి జరుగుతుంటే జాయింట్ వంకర. బెల్టంతా ఫ్రేములో ఒకే చోట జరుగుతుంటే అక్కడి రోలరు వంకర, లేదా డ్రమ్ముకి మట్టి పట్టింది.

కోల్డ్ జాయింట్‌తో నాకున్న ఒకే చికాకు సొల్యూషన్ డబ్బా. గడువు దాటిన సరుకు కూడా కౌంటరు మీద నవ్వుతూ ఇచ్చేస్తారు. తేదీ చూసి, మూత తీసి లోపల గడ్డ కట్టలేదని తేలాకే డబ్బులివ్వండి.