ఆన్‌లైన్ ఎంబీఏ: ఇగ్నోనా, ప్రైవేటుదా, అమెరికాదా? ఏది మేలు?

ఉద్యోగం మానకుండా ఎంబీఏ చేద్దామనుకునే వాళ్లందరూ ముందు అడిగేది "ఏ యూనివర్సిటీ మంచిది?" అనే. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. రేపు ఆ పట్టా చేతికొచ్చాక ఎవరికి చూపిస్తారు? డిపార్ట్‌మెంట్‌లో ప్రమోషన్ ఫైలుకి జత చేస్తారా, గచ్చిబౌలిలో హెచ్ఆర్‌కి పంపిస్తారా, డల్లాస్‌లో మీ మేనేజర్‌కి చూపిస్తారా? ముగ్గురికీ కావాల్సింది వేరు. 60 వేలు పెట్టి చేసిన ఎంబీఏ చక్కగా చెల్లే చోట 20 లక్షలు పోసి చేసింది చెల్లకుండా పోయే అవకాశం కూడా ఉంది, అదెలాగో కింద చెప్తాను.

పోటీలో మూడు దారులే పెడుతున్నాను. ఒకటి ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ నేషనల్ ఓపెన్ యూనివర్సిటీ, వాళ్ల ఆన్‌లైన్ ఎంబీఏ. రెండోది మణిపాల్, అమిటీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏ. మూడోది అమెరికాలో ఇల్లినాయిస్ యూనివర్సిటీ వాళ్ల ఐఎంబీఏ అనే ఆన్‌లైన్ ఎంబీఏ, దాని పక్కనే బోస్టన్ యూనివర్సిటీది. హైదరాబాద్‌లో ఉన్న అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీని కొందరు అడుగుతారు. 1982లో పెట్టిన అది దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, మంచిదే, కానీ అక్కడి ఎంబీఏ డిస్టెన్స్, ప్రవేశ పరీక్ష రాసి చేరాలి, కాబట్టి ఈ లెక్కలోకి రాదు. ఐఐఎంల ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాములు చాలావాటిలో మధ్యమధ్య క్యాంపస్‌కి వెళ్లి రావాలి, ఫీజు కూడా వేరే లోకం, వాటినీ పక్కన పెట్టాను.

ముందు గుర్తింపు సంగతి, ఇది తేలకపోతే మిగతా లెక్కలన్నీ దండగ. ఆన్‌లైన్ డిగ్రీల కోసం యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2020లో రెగ్యులేషన్లు తెచ్చింది. మామూలు యూనివర్సిటీ ఏదైనా ఆన్‌లైన్‌లో డిగ్రీ ఇవ్వాలంటే నాణ్యత చూసి న్యాక్ సంస్థ నాలుగుకి ఇచ్చే స్కోరు కనీసం 3.26 అయినా ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలోనైనా ఉండాలి అని అందులో పెట్టారు. గుర్తింపు ఉన్న చోట డిస్టెన్స్‌లో చదివినా ఆన్‌లైన్‌లో చదివినా ఆ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్లీ చెప్పింది కూడా. అయితే ఈ అనుమతి ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఉండిపోయేది కాదు. ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సెషన్‌కి అన్నది యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు చూసే విభాగం డీఈబీ సైట్లో విడివిడిగా ఉంటుంది, పేరున్న సంస్థలకే కొన్ని సెషన్లు అడ్మిషన్లు ఆపేసిన సందర్భాలున్నాయి. మా బావమరిది నిరుడు అందులోనే చేరాడండీ అంటే సరిపోదు, మీరు చేరే సెషన్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోవాలి. 2024 నుంచి చేరేవాళ్లకి డీఈబీ ఐడీ అనే నంబరు కూడా తప్పనిసరి చేశారు, ఆధార్ దగ్గర పెట్టుకుని మనమే తీసుకోవచ్చు. "అదేమీ అక్కర్లేదు సార్, మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఆన్‌లైన్ డిగ్రీకి అమీర్‌పేటలో స్టడీ సెంటర్ ఉందని చెప్పినా అంతే, యూనివర్సిటీలు ఫ్రాంచైజీలు ఇవ్వడానికే వీల్లేదు. ఇక పది రోజుల ఎంబీఏ అని ఒకటి అమ్ముతున్నారు. అలాంటి డిగ్రీయే లేదని 2024లో యూజీసీ ప్రత్యేకంగా నోటీసు ఇవ్వాల్సి వచ్చిందంటే కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

ఇప్పుడు ఇగ్నో. మొత్తం కోర్సుకి 60 నుంచి 65 వేలు, అదీ సెమిస్టర్ల వారీగా కట్టుకోవచ్చు. డిగ్రీలో జనరల్ వాళ్లకి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 45 శాతం ఉంటే చాలు, పాతరోజుల్లో ఉన్న ఓపెన్‌మ్యాట్ పరీక్ష ఇప్పుడు లేదు. కనీసం రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు. కేంద్ర యూనివర్సిటీ డిగ్రీ కనుక ప్రభుత్వ శాఖ అయినా బ్యాంకు అయినా పీఎస్‌యూ అయినా మారు మాట్లాడరు. మరి ఇంత చవగ్గా ఉంటే అందరూ ఇక్కడే ఎందుకు చేరరు? చేరతారు, పూర్తి చేయడం దగ్గరే వస్తుంది తంటా. వెనకాల ఉండి తరిమేవాళ్లెవరూ ఉండరు. అసైన్‌మెంట్లు మనమే గుర్తు పెట్టుకుని రాయాలి, జూన్‌లోనో డిసెంబర్‌లోనో పరీక్ష ఉంటుంది, దానికి సెంటర్‌కి వెళ్లి కూర్చోవాలి. ఆఫీసులో రోజంతా కీబోర్డు కొట్టే చేత్తో గంటల తరబడి పెన్ను పట్టుకుని పేజీలు నింపాలంటే రెండో గంటకే వేళ్లు మొరాయిస్తాయి. పేపర్లు వాయిదా వేసుకునే సౌకర్యం ఉంది కదా అని వేసుకుంటూ పోతే నాలుగేళ్లు ఇట్టే అయిపోతాయి.

ఇగ్నోలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. పుస్తకాలన్నీ ఈ-జ్ఞానకోశ్ అనే సైట్లో ఉచితంగా పెట్టారు. చేరకముందే ఎంఎంపీసీ-004 తెరవండి, అది మేనేజర్లకు అకౌంటింగ్ పేపర్. బ్యాలెన్స్ షీట్ యూనిట్ ఒకటి, ఒక ఆదివారం కూర్చుని చదివి చివర్లో ఉన్న లెక్కలు చేసి చూడండి. ఎవరూ చెప్పకుండా అది బుర్రకెక్కితే మీకు రెండు లక్షల ఫీజు అనవసరం. పది నిమిషాలకే నిద్ర ముంచుకొస్తే అదీ ఒక సమాధానమే, కింది పేరా మీకోసం.

ప్రైవేటు వాళ్ల ఫీజు సుమారుగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా ఉంటుంది. ఆ ఎక్కువ డబ్బుకి వచ్చేదేమిటంటే ఒక పద్ధతి. శని, ఆదివారాల్లో లైవ్ క్లాసులు, కుదరకపోతే రికార్డింగులు, యాప్‌లో క్విజ్‌లు, ఫలానా తేదీలోపు అసైన్‌మెంట్ పెట్టండి అని మెసేజ్‌లు. పరీక్ష ఇంట్లోనే రాయొచ్చు. ల్యాప్‌టాప్ తిప్పి గది నాలుగు మూలలూ కెమెరాకి చూపించి, తలుపు గడియ పెట్టుకుని మొదలుపెట్టాలి. మధ్యలో అమ్మ కాఫీ పట్టుకుని వచ్చినా సిస్టమ్ దాన్ని రికార్డు చేస్తుంది, కరెంటు పోతే ఆ టెన్షన్ వేరు. అయినా చిన్నపిల్లలున్న ఆడవాళ్లకి, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి, పరీక్ష కోసం జిల్లా దాటి వెళ్లలేని వాళ్లకి ఇది నిజంగా పెద్ద సౌకర్యం, నేను తక్కువ చేసి చెప్పడం లేదు.

తక్కువ చేసి చెప్పాల్సింది ప్లేస్‌మెంట్ అనే మాట గురించి. వాళ్ల సైట్లో ఒక్కసారి మీ నంబరిచ్చి చూడండి, గంటలోపు ఫోనొస్తుంది. ఫోన్ చేసేవాళ్లు కౌన్సిలర్లమని చెప్పుకుంటారు గానీ నెలాఖరుకి టార్గెట్లున్న సేల్స్ వాళ్లే. ఈ రాత్రిలోపు సీటు బ్లాక్ చేసుకుంటే స్కాలర్‌షిప్ అంటారు. ఆ స్కాలర్‌షిప్ వచ్చే వారం కూడా ఉంటుంది, కంగారు పడొద్దు. ప్లేస్‌మెంట్ సపోర్ట్ అంటే చాలాచోట్ల ఒక జాబ్ పోర్టల్ లాగిన్, రెజ్యూమె మీద ఒక వెబినార్. క్యాంపస్‌కి కంపెనీలొచ్చి ఇంటర్వ్యూ చేసి తీసుకెళ్లే ఎంబీఏ ఇది కాదు. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంబీఏ అని రాసే ఉంటుంది, అక్కడ యూజీసీ సమానత్వం గురించి హెచ్ఆర్‌తో వాదించి ఎవరూ ఉద్యోగం తెచ్చుకోలేదు. ఉన్న కంపెనీలో టీమ్ లీడ్ నుంచి మేనేజర్ అవ్వడానికి "పీజీ ఉందా" అనే గడి నిండాలంటే మాత్రం ఈ డిగ్రీ సరిగ్గా ఆ పని చేస్తుంది, ఇగ్నోది కూడా అంతే చేస్తుంది.

ఫీజు విషయంలో ఇంకో మెలిక. నో కాస్ట్ ఈఎంఐ అని చూపించేది చాలావరకు ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే లోను. ఆర్నెల్లకి చదువు మానేసినా వాయిదాలు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు పాడవుతుంది. వీలైతే సెమిస్టర్‌కి సెమిస్టర్, నేరుగా యూనివర్సిటీ ఖాతాలోకే కట్టండి.

ఇక అమెరికా సంగతి. ఇల్లినాయిస్ వాళ్లు 2016లో ఆన్‌లైన్ కోర్సుల సైటు కోర్సెరాతో కలిసి ఐఎంబీఏ మొదలుపెట్టారు, అది ఎంత బాగా నడిచిందంటే క్యాంపస్‌లో ఉన్న ఫుల్‌టైమ్ ఎంబీఏనే ఆపేస్తున్నామని 2019లో ప్రకటించారు. జీమ్యాట్ ప్రవేశ పరీక్ష అడగరు. ఫీజు మొత్తం 25 వేల డాలర్లకు కాస్త అటూ ఇటూ. బోస్టన్ వాళ్లు 2020లో అలాంటిదే మరో సైటు ఎడెక్స్‌తో కలిసి 24 వేల డాలర్లకి మొదలుపెట్టారు. రెండు బిజినెస్ స్కూళ్లకీ ఏఏసీఎస్‌బీ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉంది. బిజినెస్ స్కూళ్ల వరకు బరువున్న గుర్తింపులు అదీ, ఈక్విస్, ఆంబా. ఐఎస్ఓ సర్టిఫికెట్ చూపించి గుర్తింపు ఉందంటే నవ్వి ఊరుకోండి. చదువు నాణ్యత మాత్రమే చూస్తే ఈ మూడు దారుల్లో నా ఓటు ఇటే, ప్రొఫెసర్లు క్యాంపస్ వాళ్లే, గ్రూప్ ప్రాజెక్టులో మీతోపాటు నాలుగు దేశాల వాళ్లుంటారు.

ఇక్కడినుంచి చేయాలంటే ముందు డబ్బు అడ్డొస్తుంది, 20 లక్షల పైమాటే. ఆన్‌లైన్ డిగ్రీకి ఎఫ్-1 స్టూడెంట్ వీసా రాదు, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ లేదు, అంటే ఇది అమెరికా వెళ్లే దారి కాదు. లైవ్ క్లాసు అక్కడ సెంట్రల్ టైమ్‌లో సాయంత్రం 7కి ఉంటే మనకి తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. పైన చెప్తానన్న మెలిక ఇక్కడుంది: విదేశీ డిగ్రీకి మన దేశంలో, ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కావాలంటే అక్కడ క్యాంపస్‌లో రెగ్యులర్‌గా చదివి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగంలోనో, రేపు ఇక్కడ పీహెచ్‌డీకో, లెక్చరర్ పోస్టుకో ఆ కాగితం అడిగితే ఇబ్బందే. ప్రైవేటు మల్టీనేషనల్‌లో ఉండి, కంపెనీయే ఫీజు భరిస్తానంటే తప్ప ఇక్కడి జీతంతో దీనికి అప్పు చేయమని నేను చెప్పను.

అదే అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల వరకు చదువు ఖర్చు ఇస్తే దాని మీద ఉద్యోగికి పన్ను పడదు. చాలా పెద్ద కంపెనీల్లో ఈ స్కీము ఉంటుంది, వాడుకునేవాళ్లే తక్కువ. ఇల్లినాయిస్ కోర్సుని రెండేళ్లలో ముగించాలని తొందరపడకుండా నాలుగేళ్లకి సర్దుకుంటే 21 వేల డాలర్లు కంపెనీ డబ్బే, చేతి నుంచి పడేది ఎంతో మీరే చూసుకోండి. హెచ్-1బీలో ఉద్యోగం చేస్తూ చదవొచ్చు, వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 వీసాలో ఉన్నవాళ్లూ చదవొచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇండియా ఆన్‌లైన్ ఎంబీఏ చవకని చేరడం నాకైతే అర్థం కాదు.

ఈ మూడూ కాకుండా, పేరు ఎప్పుడూ వినని విదేశీ యూనివర్సిటీ ఎంబీఏని ఇక్కడి ఎడ్‌టెక్ కంపెనీ ద్వారా నాలుగైదు లక్షలకి అమ్మే రకం ఒకటుంది. సగం ధరకే ఫారిన్ డిగ్రీ అని ఊరిస్తారు. అలాంటి ఫ్రాంచైజీ ఏర్పాట్లతో ఇచ్చే డిగ్రీలకి తమ గుర్తింపు ఉండదని యూజీసీ 2023 డిసెంబరులోనే నోటీసు పెట్టింది. అమెరికా పేరు ఉండదు, ఇక్కడి చెల్లుబాటు ఉండదు, రెండిందాలా పోతుంది.

నా వరుస ఇదీ. ప్రభుత్వ ఉద్యోగి అయినా, ఖర్చు చూసుకోవాల్సిన వాళ్లయినా, సొంతంగా చదువుకోగలిగితే ఇగ్నో. ప్రైవేటు ఉద్యోగం, తరిమేవాళ్లుంటే తప్ప పుస్తకం తెరవరు, పరీక్షకి వెళ్లే వీలు లేదు అంటే ప్రైవేటు వాళ్లది, డీఈబీ జాబితా చూశాకే. ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఆన్‌లైన్‌లో ఎంబీఏ పెట్టింది, మన దగ్గర తెలిసిన పేరు కాబట్టి ప్రైవేటు వాళ్లకి కట్టేముందు అక్కడి ఫీజు కూడా ఒకసారి కనుక్కోండి. అమెరికాలో జీతం, కంపెనీ సాయం ఉంటే ఇల్లినాయిస్. ఉన్న ఉద్యోగంలో ప్రమోషన్ కోసమే చేస్తున్నట్టయితే మాత్రం చేరే ముందు హెచ్ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ఫలానా యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏని పీజీగా లెక్కలోకి తీసుకుంటారా అని. జవాబు ఫోన్లో చెప్తామంటే ఒప్పుకోకండి, మెయిల్లోనే తెప్పించుకుని దాచుకోండి.